గీతకన్నా ముందు గడియారం

నాడి గీతలు: శరీరం పంపే సంకేతాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశాఖపట్నంలో ఈసీజీ యంత్రాలు బాగుచేస్తూ, తర్వాత పిల్లలకు పాఠాలు చెబుతూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అందులో జరిగిన పొరపాటు చాలామంది పిల్లలకు ఎదురవుతుంది, ఎక్కడ జరిగిందో మాత్రం చాలామందికి దొరకదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఏడీ8232 ఈసీజీ మాడ్యూలును ఆర్డినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపాను. రీడింగుకూ రీడింగుకూ మధ్య 2 మిల్లీసెకన్ల విరామం పెట్టాను కాబట్టి సెకనుకు 500 శాంపిళ్ళు వస్తున్నాయి. గీత అంతా గొంగళిపురుగులా నూగుతో ఉంది. పది శాంపిళ్ళ సగటు తీస్తే 50 హెర్ట్జ్ కరెంటు రొద పోతుందని చదివి అలాగే చేశాను. రొద పూర్తిగా పోలేదు. ఒక్కో గుండె కొట్టుడులో నిటారుగా లేచే ఆర్ శిఖరం మాత్రం సగానికి పైగా తెగిపోయింది. ఇక ఎఫ్ఎఫ్‌టీ (గీతలో ఏయే హెర్ట్జ్‌ల అలలున్నాయో విడదీసి చూపే లెక్క) చేయక తప్పదని నా స్నేహితురాలు అంటోంది. ఒక నిమిషం రికార్డును, ప్రోగ్రామును జతచేశాను. నా తప్పు ఎక్కడుంది?
— విద్యార్థిని, మధురవాడ

జవాబు: అమ్మా, నీ ఫైలు తెరిచి నేను మొదట చూసింది గీతను కాదు, వరుసల సంఖ్యను. ఒక నిమిషానికి 11,500 పైచిలుకు వరుసలున్నాయి. నువ్వు చెప్పినట్టు సెకనుకు 500 వస్తే 30,000 ఉండాలి కదా! మిగతావి ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టనే లేదు.

నీ ప్రోగ్రాములో సీరియల్ వేగం, అంటే బోర్డు కంప్యూటరుకు సెకనుకు పంపే బిట్ల సంఖ్య, 9600 అని ఉంది. ఒక అక్షరం పంపడానికి 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 960 అక్షరాలు వెళతాయి. నీ రీడింగు మూడంకెల సంఖ్య, దాని వెనక వరుస ముగింపుకు రెండు గుర్తులు, మొత్తం ఐదు. 960ని ఐదుతో భాగించు, 192 వస్తుంది. గొట్టం సన్నది కావడంతో వెనకున్న నీళ్ళు ఆగిపోయాయి. బోర్డు తన వంతు వచ్చేదాకా కాచుకుని, అప్పుడు తర్వాతి రీడింగు తీసుకుంది. నువ్వు 2 మిల్లీసెకన్లు అనుకున్న ఎడం నిజానికి 5.2 మిల్లీసెకన్లు.

ఇప్పుడు పది శాంపిళ్ళ సగటు సంగతి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక్క అలకు 20 మిల్లీసెకన్లు. నిజంగా సెకనుకు 500 శాంపిళ్ళు తీస్తే ఒక అలలో సరిగ్గా పది పడతాయి. ఎత్తు 100 ఉన్న అలను తీసుకుని కాగితం మీద రాసి చూడు: 0, 59, 95, 95, 59, 0, −59, −95, −95, −59. కూడితే సున్నా. అల ఎక్కడ మొదలైనా, పూర్తి చుట్టు తిరిగితే మొత్తం సున్నాయే. ఆ సగటుకున్న బలమంతా ఇదే, వేరే మంత్రం లేదు. నీ లెక్కలో మాత్రం పది శాంపిళ్ళు 52 మిల్లీసెకన్లు ఆక్రమించాయి. అంటే రెండు అలలు పూర్తయి, మూడో అల సగం దాటింది. ఆ తెగిన ముక్కే నీ గీత మీద నూగుగా మిగిలింది.

ఆర్ శిఖరం ఎందుకు తెగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆ శిఖరాన్ని 40 మిల్లీసెకన్ల పాదం, 1000 మైక్రోవోల్టుల ఎత్తు ఉన్న త్రిభుజంగా అనుకుందాం. 52 మిల్లీసెకన్ల కిటికీలోంచి సగటు తీస్తే త్రిభుజం మొత్తం ఆ కిటికీలోనే మునిగిపోతుంది. మిగిలే ఎత్తు 385. నువ్వు "సగానికి పైగా" అని రాశావు. కంటితో చూసి రాసిన మాట లెక్కకు అంత దగ్గరగా వచ్చినందుకు నాకు చాలా సంతోషం కలిగింది. ఆ చూపును పోగొట్టుకోకు.

సీరియల్ వేగాన్ని 115200 చేయి. విరామం పెట్టి కాచుకునే పద్ధతి మానేసి, బోర్డులోని టైమరుతో ప్రతి 2 మిల్లీసెకన్లకు రీడింగు తీయి. ఆ తర్వాత చేతి గడియారం ముందు పెట్టుకుని 10 సెకన్లు రికార్డు చేసి, వరుసలు లెక్కపెట్టు. 5000కు అటూ ఇటూ వస్తేనే ముందుకు వెళ్ళు.

అప్పుడు కూడా ఆ సగటు ఉచితంగా ఏమీ ఇవ్వదు. అదే త్రిభుజం కొన దగ్గర 2 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పది విలువలు రాయి: 600, 700, 800, 900, 1000, 900, 800, 700, 600, 500. సగటు 750. కరెంటు రొద పోయింది, దానితో శిఖరంలో నాలుగో వంతు కూడా పోయింది. గీత 9 మిల్లీసెకన్లు వెనక్కి జరిగింది కూడా. గుండె వేగం లెక్కపెట్టడానికి ఇది ఏమాత్రం అడ్డు కాదు, ఎందుకంటే అన్ని శిఖరాలూ ఒకేలా తగ్గుతాయి, ఒకేలా జరుగుతాయి. శిఖరం ఎత్తు కొలవాలంటే మాత్రం ఈ సగటు పనికిరాదు. నీ ప్రాజెక్టు ఏం కొలవాలో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి ఏం పోగొట్టుకోవచ్చో నిర్ణయించు.

అన్నిటికన్నా ముందు, రొద లోపలికి రాకుండా చూసుకో. మూడు తీగలనూ కలిపి పురి పెట్టు. మూడో ఎలక్ట్రోడు సరిగా అంటుకుందో లేదో చూడు. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: మనిషి ఒంటికి తీగలు తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ ఛార్జరు గోడ ప్లగ్గులో ఉండకూడదు. బ్యాటరీ మీదే నడిపించు. రొద తగ్గడం దానివల్ల కలిగే చిన్న లాభం, ప్రాణానికి భద్రత పెద్ద లాభం.

ఎఫ్ఎఫ్‌టీ మంచి పనిముట్టే. అయితే నీ గడియారం తప్పుగా ఉన్నప్పుడు అదీ తప్పే చెబుతుంది. సెకనుకు 500 అని నమ్మి దానికి ఈ ఫైలు ఇచ్చి ఉంటే కరెంటు రొద 50 దగ్గర కాకుండా 130 హెర్ట్జ్ దగ్గర కనిపించేది. ఆ 130 ఏమిటో వెతుకుతూ మీరిద్దరూ ఒక వారం పోగొట్టుకునేవారు.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. వేసవిలో ఈసీజీ తీస్తుంటే గీత పైకీ కిందికీ ఊగుతుంది. ఫిల్టరు బటన్ నొక్కితే చక్కగా, తిన్నగా వస్తుంది. ఎప్పుడూ నొక్కే ఉంచవచ్చా? చేతులు వణికే పెద్దవాళ్ళకు ఏం చేయాలి?
— ఒక నర్సు, గాజువాక

జవాబు: అమ్మా, ఎప్పుడూ నొక్కి ఉంచవద్దు.

రామకృష్ణా బీచ్‌లో గట్టు మీద కూర్చుని చూస్తే అలలు వస్తూ పోతూ ఉంటాయి. వాటి అడుగున పోటు మెల్లగా, గంటల తరబడి నీటిమట్టాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటుంది. ఈసీజీలో గుండె కొట్టుకోవడం అల అయితే, ఊపిరి పోటు లాంటిది. నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఛాతీ ఉబ్బి తగ్గుతుంటే గీత మొత్తం దానితో పాటు ఊగుతుంది. మన ఊరి వేసవి చెమట దీన్ని రెట్టింపు చేస్తుంది. చెమట పట్టిన చర్మం మీద ఎలక్ట్రోడు జారుతుంది, స్పర్శ మారుతుంది.

ఫిల్టరు ఆ పోటును తీసేస్తుంది. కానీ మెల్లగా కదిలేది ఊపిరి ఒక్కటే కాదు. క్యూఆర్ఎస్ (ఆర్ శిఖరం ఉన్న నిటారు భాగం) తర్వాత, టీ అలకు (దాని వెనక వచ్చే మెల్లని అల) ముందు చదునుగా ఉండే ఎస్‌టీ భాగం కూడా మెల్లనిదే. గుండెపోటు అనుమానం వచ్చినప్పుడు డాక్టరుగారు ఆ భాగం ఒక మిల్లీమీటరు లేచిందా, దిగిందా అని చూస్తారు. 0.5 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసే ఫిల్టరు, యంత్రాన్ని బట్టి, లేని దిగుడును చూపవచ్చు, ఉన్న ఎత్తును మరుగుపరచవచ్చు. రోగ నిర్ధారణకు తీసే ఈసీజీకి 0.05 నుంచి 150 హెర్ట్జ్ దాకా తెరిచి ఉంచాలనేది ఇందుకే. మీ కాగితం అంచున సన్న అక్షరాలతో ఆ అంకెలు అచ్చయి ఉంటాయి, రేపు చూడండి. ఫిల్టరు వేయక తప్పకపోతే వేయండి, వేసినట్టు ఆ కాగితం మీద పెన్నుతో రాయండి.

చర్మాన్ని పొడి గుడ్డతో తుడిచి, స్పిరిట్ దూదితో రుద్ది, ఆరనిచ్చి అప్పుడు అతికించండి. రోగిని రెండు నిమిషాలు నిమ్మళంగా పడుకోనివ్వండి. సముద్రపు గాలికి తీగల కొసల్లో పట్టే పచ్చటి చిలుమును వారానికోసారి గీకి తుడవండి. నా అనుభవంలో గీత ఊగుతోందని పిలిచిన చోట్ల సగం ఇక్కడే తేలిపోయేవి.

వణుకు విషయం చాలా ముఖ్యం. పార్కిన్సన్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది. సెకనుకు 5 అంటే నిమిషానికి 300. ఏట్రియల్ ఫ్లటర్ అనే గుండె లయ దోషంలో పై గదులు కొట్టుకునే వేగం కూడా దాదాపు 300. కాగితం మీద రెండూ రంపపు పళ్ళలాగే కనిపిస్తాయి. వాటిని విడదీసే ఉపాయం ఒకటుంది. మూడో లీడ్ ఎడమ చేతికీ ఎడమ కాలికీ మధ్య కొలత. కుడి చేతికి అందులో పాత్ర లేదు. కుడి చేయి వణికే మనిషికి ఒకటో లీడ్‌లో, రెండో లీడ్‌లో రంపం కనిపించి మూడోది శుభ్రంగా ఉంటే అది గుండె కాదు, చెయ్యి. అరచేతులను తొడల కింద పెట్టుకోమనండి. లేదా చేతుల ఎలక్ట్రోడ్లను మణికట్టు నుంచి భుజాల వైపు జరిపి, జరిపినట్టు రాయండి.

మీరు అడగకపోయినా మరొక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక నర్సింగ్ హోమ్ వారు పిలిచారు. వచ్చిన ప్రతి రోగికీ గుండె వేగం ఎక్కువగా వస్తోందని డాక్టరుగారి ఫిర్యాదు. నేనే మంచం మీద పడుకుని తీయించుకున్నాను. మణికట్టు దగ్గర లెక్కపెడితే నాడి 72, కాగితం మీద 90. కాగితాన్ని లాగే రబ్బరు రోలరు అరిగిపోయి ఉంటుందని అనుమానం వచ్చింది. కొలవడానికి స్టాప్‌వాచీ లేదు. ఒక తీగను ఊడదీసి చేత్తో పట్టుకున్నాను. గీత నిండా కరెంటు రొద వచ్చింది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదిలితే 10 మిల్లీమీటర్లలో 20 అలలు ఉండాలి. భూతద్దం పెట్టి లెక్కపెడితే 25 ఉన్నాయి. కాగితం 20 మిల్లీమీటర్ల వేగంతోనే నడుస్తోంది, ప్రతి గడీ అబద్ధం చెబుతోంది. రోజూ శత్రువులా తరిమే రొదే ఆ రోజు నాకు గడియారమైంది. ఒక చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను, 300ను పెద్ద గళ్ళతో భాగిస్తే గుండె వేగం అని మీకు నేర్పి ఉంటారు. కాగితం సరైన వేగంతో నడిచినప్పుడే ఆ సూత్రం నిజం. నెలకోసారి మీ నాడిని మీరే పట్టుకుని సరిచూడండి.

ప్రశ్న: కంప్యూటర్ తనంతట తాను ఆర్ శిఖరాలను ఎలా పట్టుకుంటుంది? ఒక ఎత్తు పెట్టి, దాన్ని దాటినవన్నీ లెక్కపెడితే సరిపోదా?
— ఇద్దరు విద్యార్థులు, మద్దిలపాలెం

జవాబు: సరిపోదు బాబూ. కొందరికి టీ అల ఆర్ శిఖరం అంత ఎత్తుంటుంది, అప్పుడు ఒక్కో కొట్టుడును రెండుగా లెక్కపెడతారు. ఆర్ శిఖరం గుర్తు దాని ఎత్తు కాదు, నిటారుతనం. 1985లో పాన్, టాంప్కిన్స్ ప్రచురించిన పద్ధతిని ఈనాటికీ పిల్లలకు మొదట నేర్పుతారు. సుమారు 5 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్ని ఉంచుకోవడం, పక్కపక్క శాంపిళ్ళ తేడాతో వాలు తీయడం, దాన్ని వర్గం చేయడం, 150 మిల్లీసెకన్ల కిటికీలో కూడటం, అంతే. వర్గం చేయగానే రుణ విలువలు ధనమవుతాయి, నిటారు వాలు కొండంత అవుతుంది, మెల్లని టీ అల గులకరాయి అవుతుంది. ఒక కొట్టుడు దొరికాక 200 మిల్లీసెకన్ల దాకా మరొకదాన్ని ఒప్పుకోరు, అంత త్వరగా గుండె మళ్ళీ కొట్టుకోలేదు కాబట్టి. మీరు రాసిన ప్రోగ్రామును ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ సేకరణలోని 48 రికార్డుల మీద పరీక్షించండి. ఒక్కొక్కటి అరగంట నిడివి, సెకనుకు 360 శాంపిళ్ళు. మళ్ళీ చెబుతున్నాను, 360. మీ 150 మిల్లీసెకన్లు అక్కడ 54 శాంపిళ్ళు అవుతాయి.

ప్రశ్న: అయ్యా, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఇచ్చిన చేతి గడియారం రోజూ 'గుండె వేగ మార్పు' అని ఒక అంకె చూపుతుంది. ఎప్పుడూ 40 దాకా ఉండేది, మొన్న ఒక్కసారిగా వందలు దాటింది. భయంగా ఉంది. ఆ అంకె ఏమిటి?
— ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: అయ్యా, ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా గోడ గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను ఒక్క అంకెలో చెప్పడమే మీరు చూసింది. చాలా గడియారాలు వాడే లెక్కను మీరు పెన్నుతో వేయవచ్చు. కొట్టుడుకూ కొట్టుడుకూ మధ్య ఎడం 820, 850, 790, 840, 810 మిల్లీసెకన్లు అనుకోండి. పక్కపక్క తేడాలు 30, 60, 50, 30. వాటి వర్గాలు 900, 3600, 2500, 900. సగటు 1975. దాని వర్గమూలం 44. ఇదే మీ మామూలు అంకె.

ఇప్పుడు గడియారం ఒక్క కొట్టుడును చూడలేకపోయిందనుకుందాం. 790, 840 కలిసిపోయి 1630 అవుతాయి. ఎడాలు 820, 850, 1630, 810. అదే లెక్క వేస్తే 44 కాస్తా 654 అవుతుంది. గుండెలో ఏమీ మారలేదు, ఒక్క కొట్టుడు లెక్క తప్పింది. మీ గడియారం గుండె విద్యుత్తును చూడటం లేదు, చర్మం కింద రక్తం ఉబ్బి తగ్గడాన్ని పచ్చటి వెలుతురుతో చూస్తోంది. పట్టీ వదులైనా, చెయ్యి కదిలినా ఒక కొట్టుడు జారిపోతుంది.

అయితే ఇక్కడితో తోసిపారేయవద్దు. నిజంగా గుండె లయ తప్పినా అంకె ఇలాగే పెరుగుతుంది. రెండింటికీ తేడా గడియారం చెప్పలేదు. పట్టీ బిగించి, కూర్చుని, చెయ్యి కదపకుండా రెండు మూడు రోజులు ఒకే వేళకు చూడండి. మణికట్టు మీద వేళ్ళు పెట్టి ఒక నిమిషం నాడి పట్టుకోండి. కొట్టుడు మధ్యలో ఆగినట్టో, అడ్డదిడ్డంగానో అనిపిస్తే అంకెతో పని లేదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈసీజీ తీయించుకోండి. గుండెదడ, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి ఉంటే రెండు రోజులు కూడా ఆగవద్దు. మీ అంకెను పక్కింటివారి అంకెతో పోల్చుకోకండి. అన్ని గడియారాలూ ఒకే సూత్రం వాడవు, వయసుతో ఆ అంకె తగ్గడం సహజం.

ప్రశ్న: మాస్టారూ, మా పాపకు రెండు నెలలు. వినికిడి తెలుసుకోవడానికి బెరా పరీక్ష చేశారు. పాప మధ్యలో లేచి ఏడవడంతో ఆపేసి మళ్ళీ రమ్మన్నారు. చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దం పెట్టి, తల మీద తీగలు అంటించి అంతసేపు ఏం వెతుకుతారు? పాప నిద్రపోతేనే చేయాలని ఎందుకంటారు?
— ఒక తల్లి, భీమునిపట్నం

జవాబు: తల్లీ, పరీక్ష మధ్యలో ఆగిందంటే పాపకు లోపం ఉందని కాదు. అది ముందు మనసులో పెట్టుకోండి.

చెవిలో శబ్దం పడ్డాక నాడి గుండా మెదడు కాండానికి చేరేదాకా అంచెలంచెలుగా చిన్న విద్యుత్ అలలు పుడతాయి. మొత్తం కథ 10 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. నెలల పిల్లలకు అలలు పెద్దవాళ్ళకన్నా కాస్త ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువసేపు చూస్తారు. 1971లో జ్యూయెట్, విలిస్టన్ ఈ అలలను మనుషుల్లో విడమరిచి చూపారు. వాటి ఎత్తు ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. ఈసీజీలో ఆర్ శిఖరం దానికి వెయ్యి రెట్లకు పైనే. మెదడు చప్పుడు, కండరాల చప్పుడు మధ్య ఆ అల ఒక్కసారికి అస్సలు కనిపించదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట జరిగేటప్పుడు దూరం నుంచి ఎవరో మిమ్మల్ని పిలిస్తే వినపడదు. ఆ మనిషి గంట కొట్టిన ప్రతిసారీ, సరిగ్గా ఒకే క్షణం తర్వాత పిలుస్తారనుకోండి. రెండు వేల సార్లు గంట దగ్గర మొదలుపెట్టి రికార్డు చేసి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే వేలం అరుపులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పడి చెల్లిపోతాయి, పిలుపు మాత్రం నిలుస్తుంది. 1950ల తొలినాళ్ళలో లండన్‌లో జార్జ్ డాసన్ ఈ పని చేసే యంత్రాన్ని తయారుచేశారు. సార్లు ఎన్నో, వాటి వర్గమూలం మేరకు రొద తగ్గుతుంది. 2000కు వర్గమూలం సుమారు 45. పాప తల మీద రొద 5 మైక్రోవోల్టులు అనుకుంటే 0.11కు దిగుతుంది, 0.5 ఎత్తున్న అల బయటపడుతుంది.

టిక్కులను సెకనుకు సరిగ్గా 25 చొప్పున పంపరు. అలా పంపితే 50 హెర్ట్జ్ కరెంటు రొద ప్రతి టిక్కు తర్వాతా ఒకే చోట పడి, అదీ పిలుపులా నిలిచిపోతుంది. అందుకని 21.1 వంటి వంకర సంఖ్యను ఎంచుకుంటారు. ఆ చిన్న ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

పాప మెలకువగా ఉండి కదిలితే మెడ, దవడ కండరాల రొద పది రెట్లు, ఇరవై రెట్లు అవుతుంది. రొద మరీ పెద్దదైన రికార్డులను యంత్రం పారేస్తుంది. పారేసిన కొద్దీ పరీక్ష సాగుతుంది. ఒక చెవికి, ఒక స్థాయి శబ్దానికి రెండు వేల టిక్కులు ఒకటిన్నర నిమిషంలో అయిపోతాయి. ప్రతి స్థాయిలోనూ రెండుసార్లు చేసి, రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూస్తారు. అందుకే రెండు చెవులకూ కలిపి గంట దాకా పట్టవచ్చు.

ఈసారి వెళ్ళే రోజు పొద్దున పాపను కొంచెం ఆలస్యంగా పడుకోబెట్టండి. దారిలో నిద్రపోనివ్వకండి. తలకు నూనె రాయకండి, ఎలక్ట్రోడ్లు అంటుకోవు. అక్కడికి చేరాక, చర్మం తుడిచి తీగలు అంటించిన తర్వాత పాలిచ్చి జోకొట్టండి. రిపోర్టు చేతికిచ్చినప్పుడు రెండు గీతలూ ఉన్న కాగితం కూడా అడిగి తెచ్చుకోండి.